హవానా చుట్ట: విప్పి చూస్తే

హవానాలో చుట్టలు కొనదలచుకున్నవాళ్ళు ధర అడగకముందే పెట్టె మూత తీయించి చూడాలి. అక్కడి దుకాణాల్లో దాన్ని ఎవరూ తప్పు పట్టరు. అడిగితేనే, వచ్చిన మనిషికి సరుకు తెలుసని గౌరవిస్తారు. పాతిక చుట్టల పెట్టె అయితే సాధారణంగా పై వరసలో 13, కింది వరసలో 12 ఉంటాయి. పై వరసను ఎడమ నుంచి కుడికి నిదానంగా చూస్తూ రండి. ఎడమ చివరిది అన్నిటిలోకీ ముదురు రంగు, కుడి చివరిది అన్నిటిలోకీ లేత రంగు. పక్కపక్కనే ఉన్న రెండింటి మధ్య తేడా కంటికి ఆనదు. మొదటిదాన్నీ చివరిదాన్నీ పక్కన పెట్టి చూస్తే తప్ప రంగు మారిందనే తెలియదు. చుట్టల మెడకున్న కాగితపు పట్టీలు గీత గీసినట్టు ఒకే ఎత్తులో ఉంటాయి. పట్టీ మీది బొమ్మలన్నీ పైకే చూస్తుంటాయి.

ఇదంతా చేతులతో అమర్చింది. పొగ చేసే హాని తెలియనివాళ్ళు ఇవాళ ఎవరూ లేరు కాబట్టి ఆ సంగతి ఇక్కడ మళ్ళీ చెప్పను. నన్ను పట్టి నిలబెట్టింది ఆ చేతిపని. పొగాకు పండే జిల్లాలో పుట్టి, ఆకును పొలంలోనూ, ఆరబెట్టే బ్యారన్ దగ్గరా చూస్తూ పెరిగినవాణ్ణి. అదే ఆకుతో మరోచోట మనుషులు ఎంత దూరం వెళ్ళారో చూస్తుంటే చేతులు జోడించాలనిపిస్తుంది.

చుట్టను విప్పితే మూడు భాగాలు కనిపిస్తాయి. పైకి కనపడే ఆకు కాపా. దాని లోపల ఉండి మొత్తం పొందికను పట్టి ఉంచేది కపోతే. నడుమ ఉండే ఆకుల కట్ట త్రిపా. ఇంతే. కాగితం లేదు, దారం లేదు. తల దగ్గర వేలి కొసతో అద్దే రుచీ వాసనా లేని చెట్టు జిగురు తప్ప అంటించేది మరేదీ లేదు. ఆకు ఆకును పట్టుకుని ఉంటుంది. పట్టుకోవడానికి తగిన పదును, అంటే తేమ, ఆకులో ఉండేలా చూడటం, ఆ పదును ఆరిపోకముందే పని ముగించడం: ఈ వృత్తి అంతా ఈ రెంటి మీదే నడుస్తుంది.

ఆకు పండేది ద్వీపానికి పడమటి కొసన, పినార్ దెల్ రియో రాష్ట్రంలోని వుయెల్తా అబాహో ప్రాంతంలో. అందులోనూ సాన్ లూయిస్, సాన్ హువాన్ ఇ మార్తినేస్ చుట్టుపక్కల ఎర్ర నేలలకు పేరు. కాపా కోసం వేసే చేను వేరు, లోపలి ఆకుల కోసం వేసే చేను వేరు. కాపా చేనంతటికీ పైన పలచటి నూలు గుడ్డ పందిరి వేస్తారు. గుడ్డ ఎండను వడగట్టి, వేడిని లోపల నిలుపుతుంది. చాలినంత ఎండ దొరకని మొక్క వెలుతురు కోసం ఆకును వెడల్పు చేసుకుంటుంది. అలా పరుచుకున్న ఆకు పలచబడుతుంది, నునుపు తేలుతుంది, ఈనెలు సన్నబడతాయి. చుట్టకు పైపొరగా కావలసినది సరిగ్గా అలాంటి ఆకే. ఈ ఆకును పండించడంలో సాన్ లూయిస్ రైతు అలెహాంద్రో రొబైనాకు ఎంత పేరొచ్చిందంటే, ఆయన బతికుండగానే, 1997లో, ఆయన ఇంటిపేరుతో వేగాస్ రొబైనా అనే చుట్ట వెలువడింది. క్యూబాలో ఓ రైతుకు అంతటి మన్నన దక్కడం మామూలు సంగతి కాదు.

లోపలి ఆకుల మొక్కలు నిండు ఎండలో పెరుగుతాయి. మన రైతులు చేసినట్టే అక్కడా తలలు తుంచుతారు, పిలకలు తీస్తారు. బలమంతా ఆకుల్లోకి దిగుతుంది. ఇక్కడ ఆకు కాసిన ఎత్తే దాని గుణం. అడుగు ఆకు వోలాదో: రుచి తక్కువ, కానీ బాగా మండుతుంది. నడిమి ఆకు సెకో: వాసన దీనిలోనే. పై ఆకు లిహేరో: అన్నిటికన్నా ఎండ తిన్నది, మందం, జిడ్డు, ఘాటు, నిదానంగా కాలుతుంది. మొక్క మొనన ఒక్కోసారి రెండు చిన్న ఆకులు వస్తాయి. వాటిని మెదియో తియెంపో అంటారు. అన్ని మొక్కలకూ రావు. కోహిబా పేరుతో 2010లో వచ్చిన బెహికే చుట్టల్లో వాడేది ఆ ఆకునే.

కోసిన ఆకును ఆరబెట్టే కొట్టాన్ని చూసి మనవాళ్ళు కాస్త ఆశ్చర్యపోతారు. మన బ్యారన్‌లో వర్జీనియా ఆకుకు కింద మంట పెట్టి, గొట్టాల్లో వేడి పారించి, కొద్ది రోజుల్లో పసుపు రంగు తెప్పిస్తాం. అక్కడ మంట లేదు, గాలే. ఆకులను జతలుగా కుట్టి పొడుగాటి కర్రలకు వేలాడదీస్తారు. మొదట కింది వరసల్లో, ఆరేకొద్దీ పై వరసల్లోకి. కొట్టాన్ని తూర్పు పడమరలుగా కడతారు. పొద్దున ఎండ ఒక కొసను, సాయంత్రపు ఎండ మరో కొసను మాత్రమే తాకుతుంది. వారం వారం ఆకులో పచ్చదనం దిగిపోయి, పసుపు తిరిగి, చివరికి గోధుమ రంగుకు వస్తుంది. దాదాపు 50 రోజుల పని. రైతు చేసేదల్లా తలుపులు తీయడం, మూయడం, కర్రల ఎత్తు మార్చడం. కానీ ఎప్పుడు తీయాలి, ఎప్పుడు మూయాలి అన్నది ఆ రోజు గాలిని బట్టి తేల్చుకోవాలి. ఆ తీర్పు మీదే పంట విలువ నిలుస్తుంది.

ఆ తర్వాత మండె. ఈ పనికి మన జిల్లాల్లో అలవాటైన మాట ఇదే. కొద్దిగా పదును ఉన్న ఆకులను ఎత్తుగా పేరిస్తే లోపల వాటంతట అవే వేడెక్కుతాయి. ఆ వేడికి ఆకులోని అమ్మోనియా ఆవిరై పోతుంది, కటువుదనం తగ్గుతుంది, రంగు సమం అవుతుంది. వేడి హద్దు మీరిందా, ఆకు కాలిపోయినట్టే. అందుకని మండె నడుమ ఎంత వేడుందో చూస్తూ, దాన్ని విప్పి, చల్లార్చి, లోపలివి బయటికీ బయటివి లోపలికీ వచ్చేలా మళ్ళీ పేరుస్తారు. కాపా పలచటి ఆకు గనుక దానికి తక్కువ కాలం చాలు. లిహేరోకు అన్నిటికన్నా ఎక్కువ. రెండోసారి మండె కట్టాక లోపలి ఆకులను బేళ్ళుగా కట్టి నిలవ పెడతారు; కాపానైతే రాజతాళం చెట్టు మట్టల మొదలు పొరలతో చుట్టి ఉంచుతారు. కోహిబా చుట్టల్లోకి వెళ్ళే సెకో, లిహేరోలకు పీపాల్లో మూడో విడత మాగబెట్టడం కూడా ఉంది.

కార్ఖానాకు చేరిన కాపా ఆకు ఎండి, ముట్టుకుంటే విరిగేలా ఉంటుంది. దానికి తిరిగి పదును తెప్పించాలి. కట్ట కట్టను నీటి తుంపర కింద తడిపి, వెంటనే గట్టిగా విదిలిస్తారు. విదిలించడంలోనే అసలు సంగతంతా ఉంది. ఆకు మీద ఓ నీటిబొట్టు నిలిచిపోతే అక్కడ మచ్చ పడుతుంది. మచ్చ పడిన కాపా పైపొరగా పనికిరాదు. తరవాత ఆకులు పట్టులా మెత్తబడతాయి. అప్పుడు మధ్య ఈనె లాగేసే ఆడవాళ్ళ చేతికి వెళతాయి. ఒక్క లాగుడుతో ఈనె వచ్చేస్తుంది, ఆకు ఎడమ సగం, కుడి సగంగా విడుతుంది. ఆ సగాలను సైజును బట్టి, రంగును బట్టి ఏరి పేరుస్తారు.

ఎడమ, కుడి వేరువేరుగా ఉంచడంలో ఒక యుక్తి ఉంది. సగం ఆకులో పక్క ఈనెలు ఒకవైపు వాలి ఉంటాయి. రెండో సగంలో అందుకు ఎదురు దిక్కు. చుట్టే మనిషి ఎడమ సగాన్ని ఓ దిక్కుగా, కుడి సగాన్ని ఎదురు దిక్కుగా తిప్పుతుంది. అప్పుడు ఈనెలు చుట్ట పొడవు వెంట సాగిపోతాయి, అడ్డంగా పడవు. ఈసారి దుకాణంలో పెట్టె తెరిచినప్పుడు గమనించండి, అతుకు మెలిక కొన్నిటిలో కుడికి, కొన్నిటిలో ఎడమకు తిరిగి ఉంటుంది. అది చుట్టే చేతి అలవాటు కాదు, ఆకు ఏ సగమో దాన్ని బట్టి వచ్చింది.

చుట్టేవాళ్ళను తోర్సెదోర్లు అంటారు. ఆడవాళ్ళయితే తోర్సెదోరాలు. ముందున్న బల్ల మీద చెక్క పలక, చిన్న జిగురు గిన్నె, చుట్ట లావు కొలిచే కన్నాల పట్టీ, పొడవు తెగ్గొట్టే కత్తెర పరికరం, చవేతా. చవేతా అంటే పిడి లేని చదునైన ఉక్కు బిళ్ళ, ఒక అంచు వంపు తిరిగి పదునుగా ఉంటుంది. ఆకు కోయడానికీ, చుట్టను పలక మీద దొర్లించి నునుపు చేయడానికీ, జిగురు తీసుకోవడానికీ అదే. ఇంతకన్నా తక్కువ సామానుతో ఇంతకన్నా నిక్కచ్చి పని చేసే వృత్తి నాకు తెలిసి మరొకటి లేదు.

కొన్ని దుకాణాల్లో ఓ మూల ఇలాంటి బల్ల వేసుకుని చుట్టేవాళ్ళు ఉంటారు. కొనే తొందర పక్కన పెట్టి ఒక చుట్ట మొదలై ముగిసేదాకా నిలబడి చూడాలి. కపోతే కోసం తోర్సెదోరా రెండు సగం ఆకులు పలక మీద పరిచి, ఒకదాని అంచు మీద మరొకటి పడేలా సర్దుతుంది. తరవాత ఎడమ అరచేతిలో త్రిపా పేర్చడం. ఏ చుట్టలో ఏ ఆకు ఎంత అన్నది ఆమె ఇష్టం కాదు. ఒక్కో చుట్టకు ఇంత వోలాదో, ఇంత సెకో, ఇంత లిహేరో అని మిశ్రమం నిర్ణయించే పెద్ద ఉంటాడు, ఆయన లెక్క ప్రకారం కొలిచి ఇచ్చిన ఆకులే ఆమె ముందుంటాయి. కానీ వాటిని ఎలా అమర్చాలన్నది పూర్తిగా ఆమె చేతిలోనే ఉంది. ఒక్కో ఆకునూ చీర కుచ్చిళ్ళలా పొడవు వెంట మడతలు పెడుతూ అరచేతిలోకి తీసుకుంటుంది. మడతకూ మడతకూ మధ్య సన్నటి దారి మిగులుతుంది. పొగ నడిచేది ఆ దారిలోనే. మడతలు బిగిస్తే దారి మూసుకుపోయి ఎంత లాగినా పొగ రాదు. వదులైతే ఒక్కసారిగా వేడి పొగ వచ్చి చుట్ట గబగబా కాలిపోతుంది. లిహేరో ఎప్పుడూ నట్టనడుమే. అది నిదానంగా కాలే ఆకు గనుక ఓ పక్కకు జరిగితే ఆ పక్క నిప్పు వెనకబడి చుట్ట వంకరగా మండుతుంది. నడుమ ఉంటే చుట్టూ నిప్పు సమంగా నడుస్తుంది.

ఇలా పేర్చిన కట్టను కపోతే అంచున పెట్టి అరచేత్తో ముందుకు దొర్లిస్తే ఉండ తయారవుతుంది. దాన్ని అచ్చులో పెట్టి కాసేపు నొక్కి ఉంచుతారు, నొక్కిన గీత ఒకేచోట పడకుండా మధ్యలో తిప్పుతారు. కాపా తొడగకముందే ఈ ఉండను ఒక యంత్రంలో పెట్టి గాలి ఎంత తేలికగా లాగుతుందో చూడటం 2001లో మొదలైంది. అంతకుముందు ఈ లోపం కాల్చేవాడికి తప్ప తెలిసే దారి లేదు. చేతిపని గొప్పదనాన్ని యంత్రం తగ్గించలేదు. ఏ బల్ల దగ్గర బిగువు ఎక్కువవుతోందో అప్పటికప్పుడు చెప్పి, చేతులను సరిదిద్దుతోంది. ఇంత మంచి సర్దుబాటు మన చేనేతలోనూ చూడాలని ఉంది.

కాపా తొడగడమే అన్నిటికన్నా సున్నితమైన ఘట్టం. నునుపు వైపు పలకకు, ఈనెలు ఉబ్బిన వైపు పైకి వచ్చేలా సగం ఆకును పరుస్తుంది. అరచేత్తో సాగదీసి ముడతలు పోగొడుతుంది. చవేతా వంపు అంచును దొర్లిస్తూ ఆకు అంచు తీసేస్తుంది. కత్తిని లాగితే ఆకు చినుగుతుంది, దొర్లిస్తే తెగుతుంది. తరవాత నిప్పు పెట్టే కొస దగ్గర మొదలుపెట్టి ఉండను ఏటవాలుగా తిప్పుతూ పోతుంది. ఓ చేయి చుట్టను తిప్పుతుంటే మరో చేయి ఆకును సాగదీస్తూ ఉంటుంది. ఒక మెలిక అంచు ముందు మెలిక మీద సన్నగా ఎక్కుతుంది. ఈనెలు లోపలికి పోయి నునుపు బయటికి తేలుతుంది. పదునుగా ఉన్నప్పుడు సాగిన ఆకు ఆరాక కాస్త ముడుచుకుని ఉండను బిగించి పట్టుకుంటుంది. జిగురు లేకుండా ఇంత పొడవూ నిలబడటంలోని రహస్యం అదే.

తల దగ్గరికి వచ్చాక కాపా కొసను గుండ్రంగా మలచి మూస్తుంది. మిగిలిన కాపా ముక్కలోంచి చిన్న గొట్టంతో నాణెమంత బిళ్ళ కోసి, జిగురు అద్ది పైన టోపీలా అంటిస్తుంది. మంచి హవానా చుట్ట తలను దగ్గరగా చూస్తే ఒకదాని కింద ఒకటిగా సన్నటి వలయాలు కనిపిస్తాయి. కాల్చేవాళ్ళు కోయాల్సింది ఆ టోపీ పైభాగాన్నే. టోపీ అంచు దాటి కిందికి కోస్తే పట్టి ఉంచేదేదీ లేక కాపా విడిపోతుంది. చివరగా రెండో కొసను కొలత ప్రకారం తెగ్గొడుతుంది. మరేవా అనే చుట్ట అయితే 129 మిల్లీమీటర్లు. రొబుస్తో 124, హులియేతా నంబర్ 2 అయితే 178. లావును అంగుళంలో 64వ వంతుల్లో లెక్కిస్తారు. మరేవా 42, రొబుస్తో 50, హులియేతా 47. కొత్తగా చేరినవాళ్ళకు చిన్న చుట్టలు, చేయి తిరిగినవాళ్ళకే మొన తేలిన పిరమిడ్ చుట్టలు. మొన వైపు లావు తగ్గేకొద్దీ మడతల మధ్య దారి మూసుకుపోకుండా కాపాడటం అన్ని చేతులకూ సాధ్యం కాదు.

వందల చేతులు ఇలా నిశ్శబ్దంగా పనిచేసే హాలులో ఎత్తయిన ఆసనం మీద ఒక మనిషి కూర్చుని చదువుతుంటాడు. 1865లో హవానాలోని ఎల్ ఫీగరో కార్ఖానాలో మొదలైన ఆచారం ఇది. పొద్దున వార్తాపత్రిక, తరవాత నవల. తొలినాళ్ళలో ఆ చదువరి జీతం కార్మికులే తమలో తాము వేసుకుని ఇచ్చేవారు. ఏ పుస్తకం చదవాలో కూడా వాళ్ళే తేల్చేవారు. నచ్చిన చోట చప్పట్లకు బదులు చవేతాలతో పలకల మీద కొడతారు. చేతులు ఆగనక్కర్లేని పని, చెవులు ఖాళీగా ఉండే పని కనుక ఈ ఏర్పాటు నిలిచింది. 1935లో వచ్చిన మోంతెక్రిస్తో చుట్టకు ఆ పేరు పెట్టింది అలెగ్జాండర్ డ్యూమా నవలను బట్టి. 2012లో క్యూబా ఈ చదువును జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది. ఆ మన్నన తగినదే.

చుట్టినవాటిని 50 చొప్పున పట్టీతో కట్టి పరీక్షకు పంపుతారు. బరువు, పొడవు, లావు, పైరూపం చూస్తారు. రుచి చూసే బృందం విడిగా ఉంటుంది. వాళ్ళు మచ్చుకు తీసిన ఒక్కో చుట్టనూ కొద్దిదూరమే కాల్చి ఎలా లాగుతోంది, ఎలా కాలుతోంది, ఘాటు ఎంత అని రాసుకుంటారు. మధ్యలో నాలుక శుభ్రం కావడానికి చక్కెర లేని టీ గుక్క వేస్తారు. తరవాత చల్లటి గదిలో చుట్టలోని అదనపు పదును తగ్గేదాకా ఉంచుతారు. అక్కణ్ణుంచి రంగులు ఏరే మనిషి బల్ల మీదికి. పెద్ద కుప్పలోంచి ఒకే ఛాయకు దగ్గరగా ఉన్నవాటిని తీసి, ముదురు ఎడమకూ లేత కుడికీ వచ్చేలా పేర్చి, ఒక్కోదానిలో మంచి ముఖం పైకి తిప్పి పెడతాడు. పట్టీలు తొడిగే ఆమె ఒక్కోదాన్ని తీసి, పట్టీ వేసి, మళ్ళీ అదే చోట అదే ముఖంతో పెట్టాలి. వరస తప్పకూడదు.

ఇదంతా తెలిశాక కొనడం తేలిక. పెట్టె అడుగున కాల్చి ముద్రించిన అక్షరాలు చూడండి: హెచో ఎన్ కూబా, దాని కింద తోతాల్‌మెంతే ఆ మానో, అంటే పూర్తిగా చేత్తో చేసింది. ఈ రెండో ముద్ర 1989 నుంచి వస్తోంది. పక్కనే కార్ఖానా గుర్తు, పెట్టెలో పెట్టిన నెల, సంవత్సరం. పెట్టె ముందువైపు అంటించే పచ్చ రంగు హామీ చీటీకి మూలం 1889 నాటి స్పెయిన్ రాజాజ్ఞ. వీధిలో ఎదురై, కార్ఖానాలో పనిచేసే బంధువు తెచ్చాడంటూ సగం ధరకు ఇవ్వజూపేవాళ్ళ దగ్గర చీటీ కూడా అచ్చంగా ఉండొచ్చు. రంగు వరస మాత్రం ఉండదు. అంత ఓపిక దొంగ సరుకు చేసేవాళ్ళకు ఎక్కడిది! ఒక చుట్ట తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా నొక్కుతూ పొడవునా పోండి. ఎక్కడా గట్టి ముడి గానీ మెత్తటి గుంట గానీ తగలకూడదు. నిప్పు కొస వైపు చూస్తే మడతలు కనిపించాలి, నడుమ ఆకు తక్కినవాటికన్నా ముదురుగా ఉండాలి. తరిగిన తుక్కు కనిపిస్తే అది వేరే రకం. ఆ రకమూ చేత్తో చుట్టిందే కావచ్చు, ధర తక్కువ, కానీ ఈ వ్యాసంలో చెప్పిన పనంతా దానిలో ఉండదు.

బిల్లు పారేయకండి, క్యూబా విమానాశ్రయంలో అడగవచ్చు. మన 2016 బ్యాగేజీ నిబంధనలు సుంకం లేకుండా 25 చుట్టలు తెచ్చుకోనిచ్చాయి. అంటే పాతిక చుట్టల పెట్టె ఒక్కటి. ఇంటికి వచ్చాక వేసవిని తలుచుకోవాలి. చుట్టలకు 16 నుంచి 18 డిగ్రీల వేడి, 65 నుంచి 70 శాతం తేమ సరిపడతాయి. విజయవాడ మే నెలలో బయట ఉంచితే వాటిలో దాగిన గుడ్ల నుంచి చిన్న పెంకుపురుగులు పుట్టి కాపాకు సూది బెజ్జాలు పెట్టవచ్చు. గాలి చొరని డబ్బాలో, తేమను అదుపు చేసే పొట్లం వేసి, ఇంట్లో ఎప్పుడూ చల్లగా ఉండే గదిలో పెట్టుకోవాలి. అప్పుడప్పుడూ మూత తీసి, అడుగు వరసను పైకీ పై వరసను అడుక్కీ మార్చి పెడితే చాలు.